అక్క కాచిన బీరు

అక్క పెద్దకర్మ నాడు వాళ్లింటి హాల్లో దుప్పట్లు పరిచి, వచ్చినవాళ్లందర్నీ ఆమె గురించి తలా రెండు మాటలు చెప్పమన్నారు. అమెరికాలోని బెంటన్‌విల్‌లో తెలుగువాళ్లు పదిమంది కలిస్తే అక్కడొక మైకు ఉంటుంది. ఆ రోజూ ఉంది. మైకు అందుకున్నవాళ్లందరూ పులిహోర గురించే మాట్లాడారు. అలాంటి పులిహోర మళ్లీ తినలేం అన్నారు ఒకరు. మా పిల్లాడు ఆంటీ పులిహోర తప్ప ఇంకోటి ముట్టడు అన్నారు మరొకరు. ఒకాయనైతే ఆమె పోపులో పల్లీలు ఎంత ఎర్రగా వేయించేదో చెబుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మైకు పక్కవాళ్లకిచ్చేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కకి పులిహోర కలపడమంటే పరమ చిరాకు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ అనగానే, "వదినా, పులిహోర మీది" అని ఆమెను అడక్కుండానే తీర్మానం చేసేవారు కాబట్టి కలిపేది. చింతపండు పిసుకుతూ, "ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివింది ఇందుకే చెల్లె" అనేది. ఆమె మనసు పెట్టి చేసిన పని ఏమిటో ఆ హాల్లో ఉన్న మగవాళ్లందరికీ తెలుసు. గ్లాసుల కొద్దీ తాగారు. ఒక్కరూ నోరు విప్పలేదు. కిటికీ పక్కన మూలగా పెద్ద గాజు బుడ్డి ఒకటుంది. సన్నని మెడలోంచి మనీప్లాంటు పైకి పాకి కర్టెన్ పట్టుకుంది. "ఎంత పెద్ద ఫ్లవర్‌వేజో" అని ఎవరో ఆవిడ మెచ్చుకుంది. అది ఫ్లవర్‌వేజు కాదు. అక్క అందులో బీరు పులియబెట్టేది.

కర్మ నాడు బీరు మాట ఎత్తకూడదన్న మర్యాద నాకూ తెలుసు. అందుకే మైకు నా దాకా వచ్చినప్పుడు దణ్ణం పెట్టి పక్కకి పంపేశాను. అప్పుడు మింగిన మాటలే ఇవి.

నేను పెళ్లై ఆ ఊరు వచ్చేసరికి అక్క వాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే, మా పై వాటాలో ఉండేవారు. మా ఆయనా వాళ్లాయనా ఒకే చోట కాంట్రాక్టర్లు. ఆ ఊళ్లో మనవాళ్లందరూ అంతే, ఒకే పెద్ద కంపెనీకి తలో మూలనుంచీ కోడు రాస్తుంటారు. ఆడవాళ్లం చాలామందిమి హెచ్‌ఫోర్ వీసా వాళ్లం. మొగుడి వెంట దేశంలో ఉండొచ్చు గానీ జీతానికి పని చేయకూడదు. అక్క హైదరాబాద్‌లో ఒక పాల డెయిరీ ల్యాబులో చేసి వచ్చింది. ఆమె రుచి చూసి, పరీక్ష చేసి, సరేనంటే తప్ప అక్కడ ట్యాంకరు గేటు దాటేది కాదట. ఇక్కడికొచ్చాక డిపెండెంట్ అయింది. "ఈ దేశంల నన్ను వీసా అడగనిది ఈస్ట్ ఒక్కటే చెల్లె" అనేది, బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి గురించి.

ఆమెది కరీంనగర్ వైపు, నాది గుంటూరు. మొదట్లో ఆమె మాట నాకు సగమే అర్థమయ్యేది, నా మాటకి ఆమె నవ్వేది. నేను అక్కా అనేదాన్ని, వాళ్లాయన్ని బావగారూ అనేదాన్ని.

బీరు మొదలైంది బావగారి వల్లే. పెళ్లికి ముందు కాలిఫోర్నియాలో పని చేసినప్పుడు ఆయన అక్కడి పేల్ ఏల్ అనే రకం బీరు ఒకటి మరిగాడు. బెంటన్‌విల్ ఉన్న కౌంటీలో ఆ రోజుల్లో దుకాణాల్లో మందు అమ్మేవారే కాదు. పక్క కౌంటీకి డ్రైవ్ చేసి వెళ్లినా ఆ బీరు మాత్రం దొరికేది కాదు. వాళ్ల అమ్మ పెట్టిన ఆవకాయని కూడా ఆయన అంతలా తలుచుకోవడం నేను వినలేదు. ఆఖరికి ఇంట్లోనే కాచుకుంటానని సామాను తెప్పించి, ఒకసారి కాచి, ఒక బుడ్డెడు వెనిగర్ తయారు చేసి, అంతా క్లాజెట్‌లోకి తోసేశాడు. అక్క వాసన చూసి, "మీరు గిన్నెలు సరిగ కడగలె" అంది. తర్వాతి వారం తనే కాచింది.

అమ్మే బీరుకి ఇంట్లో నకలు తీయడాన్ని అక్కడివాళ్లు క్లోన్ అంటారు. అక్క నాలుగైదు సార్లలోనే బావగారు కళ్లు మూసుకుని "ఇదే, ఇదే" అనేలా నకలు తీసింది. అప్పట్నుంచీ శనివారం క్రికెట్ అయ్యాక మగాళ్లంతా వాళ్లింటికే. మా ఆయనా అందులో ఒకడే, వదిలిపెట్టను. "అన్నా, అచ్చం సీసాలోదే" అని వాళ్లు బావగారి వీపు తట్టేవారు. కాచింది వంటింట్లో మిర్చిబజ్జీలు వేస్తుండేది.

ఇప్పుడు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఆమె అరచేతులు. ఏ ఆకు దొరికినా రెండు చేతుల మధ్య వేసి నలిపి, దోసిలి ముక్కుకి ఆనించి కళ్లు మూసుకునేది. కరివేపాకు, టీ పొడి, పార్కింగ్ లాట్ పక్కన కొట్టేసిన గడ్డి, ఏదైనా సరే. ఒకసారి గుడికని పక్క రాష్ట్రం వెళ్తే, తీర్థంలో తులసి నిన్నటిదని పూజారి మొహం మీదే చెప్పింది. ఎవరైనా ఆమె వంటని పొగిడితే ఖాతరు చేసేది కాదు. "నోరు పొగుడుతది చెల్లె. ముక్కు పొగడది" అనేది.

కాచే రోజున ఆ ఇంట్లో తాళింపు బంద్. ఇంగువ వాసన గాలిలో ఉంటే ఆమెకు పని సాగేది కాదు. అందరికీ పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. పొద్దుట్నుంచీ కడగడమే కడగడం. ఇండియా నుంచి తెచ్చుకున్న సామాన్లలో ఈ పనికి ఆమె ఎంచుకున్నవి రెండే. ఒకటి, వాళ్లమ్మ ఇచ్చిన స్టీలు గంగాళం, అందులో కాచేది. రెండు, పాత నేత చీరలు. ఆర్కన్సా ఎండల్లో బుడ్డి వేడెక్కితే బీరు పాడవుతుంది. ఏసీ పెంచితే బావగారు కరెంటు గురించి గొణిగేవాడు. అందుకని నీళ్ల టబ్బులో బుడ్డి నిలబెట్టి, తడిపిన నూలు చీర చుట్టి, ఎదురుగా ఫ్యాన్ పెట్టేది. చంటిపిల్లని తుడిచినట్టు గంటకోసారి వెళ్లి చీర తడిపేది. వాళ్లకి పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా తెస్తే లేచి చీర తడపడానికి వెళ్లిపోయేది.

సత్యనారాయణ వ్రతం రోజున క్లాజెట్‌లో బుడ్డి ఉండిపోయింది. కథ మూడో అధ్యాయంలో ఉండగా లోపల్నుంచి బుడుక్, బుడుక్ మని చప్పుడు. పంతులుగారు పుస్తకం దించి, "ఏమిటమ్మా అది?" అన్నారు. బావగారి మొహంలో నెత్తురు లేదు. అక్క అక్షింతలు చేతిలో పట్టుకుని, "పెరుగు తోడుకుంటున్నది పంతులుగారూ" అంది. ఆయన తలూపి కథ అందుకున్నారు. తర్వాత నేను పగలబడి నవ్వుతుంటే, "అబద్ధమేం జెప్పిన? రెండూ ఒక్కటే పని" అంది.

అలా నడుస్తుండగా ఒక చలికాలం దేశమంతా హాప్స్‌కి కరువొచ్చింది. హాప్స్ అంటే బీరుకి చేదూ వాసనా రెండూ ఇచ్చే పువ్వు. ఎండబెట్టి, దంచి, కుందేళ్ల దాణాలాగా పచ్చటి గుళికలు చేసి అమ్ముతారు. మొదట్లోనే వేసి గంటసేపు మరిగిస్తే చేదు దిగుతుంది గానీ వాసన ఎగిరిపోతుంది. చివర్లో వేస్తే వాసన నిలుస్తుంది. బావగారి బీరుకి కావలసిన రకం పేరు కాస్కేడ్. అది ఎక్కడా లేదు. అక్కకి డ్రైవింగ్ రాదు కాబట్టి నేనే కారులో ఫేయట్‌విల్ తీసుకెళ్లాను. అక్కడ ఇలాంటి సామాన్లు అమ్మే కొట్టు నడిపే ముసలాయన నెరిసిన గడ్డం దువ్వుకుంటూ పంట తగ్గిందనీ, పండింది పెద్ద కంపెనీలు ముందే కొనేశాయనీ చెప్పాడు. చినూక్ అనే రకం మాత్రం కొద్దిగా మిగిలిందట. అది చేదులో కాస్కేడ్‌కి రెట్టింపు, నకలు తీసేవాళ్లెవరికీ అక్కర్లేదట.

అక్క ప్యాకెట్టు విప్పమంది. నాలుగు గుళికలు అరచేతిలో పోయించుకుని, నలిపి, చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకుంది. ముసలాయన గడ్డం దువ్వుకోవడం ఆపి ఆమెనే చూస్తున్నాడు. తర్వాత దోసిలి నా ముందు పెట్టింది.

"చెప్పు, ఏం వాసన?"

"పంపరపనస తొక్క" అన్నాను.

"కాస్కేడ్ల గూడ అదే ఉంటది. ఇంకా?"

మళ్లీ చూశాను. "క్రిస్మస్ చెట్టు."

అక్క నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. డెయిరీలో ట్యాంకర్లు ఆపిన మనిషి ఎలా ఉండేదో ఆ రోజు చూశాను. "పంపరపనసను ఉంచాలె, చెట్టును పంపియ్యాలె" అంది.

ఇంటికొచ్చేసరికి బావగారు ఇంటర్నెట్‌లో చదివి సిద్ధంగా ఉన్నాడు. చేదు రెట్టింపు కాబట్టి ప్రతిచోటా సగం వెయ్యాలి, మొదట్లోనూ సగమే, చివర్లోనూ సగమే. బదులు వేయడంలో ఉన్నదంతా ఆ ఒక్క సూత్రమేనట.

"చేదు రెట్టింపు ఉన్నదని వాసన గూడ రెట్టింపు ఉంటదా?" అంది అక్క. "మిరపకాయ ఘాటున్నదని కొత్తిమీర తక్కువ వేస్తమా?"

"నువ్వు వంటింటి లెక్కలు చెప్పకు. ఇది సైన్స్" అన్నాడు బావగారు. ఆయన చదివింది బీకాం, పైన కంప్యూటర్ కోర్సు. నేను వెంటనే పెరుగన్నం వైపు చూశాను, లేకపోతే ఏదో ఒకటి అనేసేదాన్ని.

అక్క ఆయన చెప్పినట్టే కాచింది. మూడు వారాలకి అది తయారయ్యాక, శనివారం మగాళ్లు తాగి మొహమొహాలు చూసుకున్నారు. చేదు ఉంది, ఇంకేమీ లేదు. "వదినా, ఈసారి చెయ్యి తప్పినట్టుంది" అన్నాడొకడు. "నేను చెప్పిన, వింటేనా?" అన్నాడు బావగారు, అందరూ వినేలా. తన సూత్రం తన ఎదుటే ఓడిపోయి కూర్చుంటే దాన్ని పెళ్లాం ఖాతాలో వేసేశాడు. అక్క బజ్జీల పళ్లెం అక్కడ పెట్టి లోపలికెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడగాల్సిన గిన్నెలేమీ లేవని నాకు తెలుసు.

తర్వాతి బుడ్డి ఆయన ఆఫీసుకెళ్లిన రోజు, మధ్యాహ్నం, నా ఎదురుగా కాచింది. మొదట చేదు కోసం ఆయన చెప్పినట్టే సగం వేసింది. గంట మరిగింది. చివర్లో వేయాల్సినవి వేయలేదు. నేను గుర్తు చేశాను. స్టవ్ ఆపేసింది. పొంగు అణిగేదాకా చూసి, అప్పుడు మొత్తం, సగం కాదు, మొత్తం గంగాళంలో పోసి మూత పెట్టేసింది.

"రసం దించినంక గద కొత్తిమీర వేసేది. మరిగించినమంటే చెట్టు దిగుతది, చేదు గూడ దిగుతది. వేడి మీద ఊకె ఉంచితే పండు వాసనే దిగుతది" అంది. స్టూలు లాక్కుని గంగాళం పక్కన కూర్చుని మూత మీద అరచెయ్యి పెట్టింది. కాలుతుందేమో అన్నాను. కాలుతుండగా ఉంచి, గోరువెచ్చనయ్యేదాకా అలాగే కూర్చుంది, జ్వరమొచ్చిన పిల్ల నుదురు మీద పెట్టినట్టు. ఏ థర్మామీటరూ వాడలేదు. ఆ మనిషిని అంత ప్రశాంతంగా నేను అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ చూడలేదు.

బుడ్డిలోకి ఎత్తాక అడిగాను, ఇది అసలు బీరులాగే ఉంటుందా అని. "ఉండది. ఇది దానికి బదులు వచ్చింది" అంది. "బదులు వచ్చినోళ్లు పోయినోళ్ల లెక్కనే ఉండాల్నా చెల్లె?"

అది తయారైన శనివారం గ్లాసులు ఎత్తగానే మాటలు ఆగిపోయాయి. నేనూ ఒక చిన్న స్టీలు గ్లాసుతో తాగాను. నాకు బీరు గురించి ఏమీ తెలియదు, కానీ పంపరపనస పండు అప్పుడే వలిచి ఎవరో గదిలో పెట్టినట్టుంది. "అన్నా, నీ సగం లెక్క అదిరింది" అన్నాడు ఒకడు. బావగారు నవ్వి, "చెప్పిన గద" అన్నాడు. అప్పుడైనా అక్క చెప్పేయాల్సింది. నేనైనా చెప్పాల్సింది అని మీరనొచ్చు. నేను నోరు తెరిచాను. అక్క నా చెయ్యి నొక్కింది.

పక్క కౌంటీలో, ఇంట్లో బీరు కాచేవాళ్ల క్లబ్బు ఒకటి ఏటా పోటీ పెట్టేది. బావగారు ఆ బుడ్డిలోంచి రెండు సీసాలు తన పేరుతో పంపాడు. న్యాయనిర్ణేతలు అది నకలుగా చూస్తే అచ్చం అసలు బీరులా లేదన్నారు. కానీ కాస్కేడ్ లేని ఏడాదిలో బదులు వేసి ఇంత బాగా కాచినవాళ్లని చూడలేదన్నారు. మొదటి బహుమతి అదే. మెడల్‌తో పాటు, అక్కడి చిన్న బ్రూపబ్‌లో ఆ బీరు ఒక సీజనంతా కాచి అమ్ముతారు, గోడ మీద నల్లబల్లపై కాచినవాళ్ల పేరు రాస్తారు.

ఆ వార్త తెలిసిన మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే తింటున్నాను. అక్క అన్నం కలుపుతూ అంది, "పేర్లు రెండు రాయించుండ్రి. నాది కింద రాసినా మంచిదే."

బావగారు నవ్వాడు. "బీరు మీద నీ పేరా? ఎవడన్నా ఫొటో తీసి ఆర్కుట్‌ల పెడ్తే మీ అమ్మ ఏమంటది? ఇంకొకటి, నువ్వు హెచ్‌ఫోర్. వర్క్ చేసినవని ఎవడన్నా రిపోర్ట్ చేస్తే గ్రీన్‌కార్డ్‌కి ప్రాబ్లం."

"జీతం అడుగుతలేను. పేరు అడుగుతున్న."

"ఇంట్ల ఎవరి పేరైతేంది? అంతా ఒకటే గద."

"ఒకటే అయితే నాదే రాయించుండ్రి" అంది అక్క.

ఆయన అది హాస్యం అనుకుని ఇంకా గట్టిగా నవ్వి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి ఏదైనా అడగడం నేను విన్నది అదొక్కసారే. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆయన వెళ్లిన వైపే చూస్తూ కూర్చుంది.

బ్రూపబ్‌లో బీరు విడుదల చేసిన రోజు మా బృందమంతా వెళ్లాం. అక్క గద్వాల చీర కట్టుకొచ్చింది. అక్కడి అమెరికన్లు తెల్లబోయి చూశారు, కొందరు బాగుందన్నారు. నల్లబల్ల మీద బావగారి పేరు పెద్దక్షరాల్లో ఉంది. అక్కడ కాచే కుర్రాడు గ్లాసులు తెచ్చి, ఆ వాసన ఎలా తెప్పించారో అందరికీ చెప్పమని అడిగాడు. బావగారు ఇంగ్లీషులో చెప్పాడు, చాలా సింపుల్, అన్నిచోట్లా సగం. కుర్రాడు తలూపాడు. అతనికి ముందు చెప్పిందీ అదే, అతను కాచిందీ అదే.

అక్క గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని దించేసింది. తాగలేదు. చుట్టూ అందరూ బ్రహ్మాండం అంటున్నారు. నేనూ వాసన చూశాను. చేదు ఉంది, పండు లేదు. మొదటి బుడ్డిలో చెయ్యి తప్పిందన్నది ఈ బీరే. అదే రుచికి ఇప్పుడు చప్పట్లు కొడుతున్నారు. మా ఆయన కూడా కొట్టాడు, ఆ రాత్రి ఇంట్లో దాని మీద మాకు పెద్ద గొడవైంది.

తిరిగొచ్చేటప్పుడు అక్క నా కారులో కూర్చుంది. ఊరు దాటాం. తర్వాత అంది, "అన్నింటిల సగమే వేయించిండు."

"మరి చెప్పలేకపోయావా అక్కా? ఆ కుర్రాడికైనా?"

"అడిగితే చెప్తుంటి. అడగలె."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నేను కారు పక్కకి ఆపి ఏడ్చాను. ఆమే నా వీపు రాసింది.

ఆమె మళ్లీ కాచలేదు. మగాళ్లు శనివారాలు వచ్చి, "వదినా, బీరెప్పుడు?" అంటే, "హాప్స్ దొరుకుతలేవు" అనేది. మరుసటి ఏడు పంట పండింది, కొట్లో కాస్కేడ్ కావలసినంత దొరికింది, కౌంటీలో మందు అమ్మకాలు కూడా తర్వాత మొదలయ్యాయి. ఆమె అదే జవాబు చెప్పేది. బుడ్డి కడిగి మనీప్లాంటు పెట్టింది. మెడల్ హాల్లో టీవీ పైన ఉండేది. కొత్తగా ఎవరొచ్చినా బావగారు దాన్ని చూపించి సగం లెక్క కథ చెప్పేవాడు. అక్క టీ కప్పులు పెట్టి వెళ్లిపోయేది.

మేము తర్వాత వేరే రాష్ట్రంలోని మోరిస్‌విల్ వెళ్లిపోయాం. ఫోన్లు నడిచేవి. జబ్బు సంగతి ఆమె చెప్పలేదు, బావగారు చెప్పాడు. నేను వెళ్లేసరికి మంచం మీద చిక్కి శల్యమైపోయి ఉంది. మందులకి ముక్కు పోయిందట. ఏ వాసనా తెలియడం లేదు. హెచ్‌ఫోర్ వాళ్లలో కొందరికి పని చేసుకునే కార్డులు ఇస్తారన్న వార్త అప్పుడే వచ్చింది. మన ఇద్దరికీ వస్తుందక్కా, అన్నాను, ఏదో ఒక మంచిమాట చెప్పాలని.

"ముక్కు లేనిదాన్ని ఏ ల్యాబుల పెట్టుకుంటరు చెల్లె?" అంది.

వంటింట్లోంచి రెండు కరివేపాకులు తెచ్చాను. నలపమని ఆమె అరచేతిలో పెట్టాను. నెమ్మదిగా నలిపింది, అలవాటుగా దోసిలి ముక్కుకి ఆనించి కళ్లు మూసుకుంది. తెరిచి, చేతులు నా వైపు చాపింది. "చెప్పు, ఏం వాసన?" నేను చెప్పడానికి ప్రయత్నించాను. పచ్చిగా ఉందనీ, ఇంట్లో చెట్టు నుంచి అప్పుడే కోసినట్టుందనీ. ఆమె అన్నీ విని, "ఇది ఫ్రిజ్‌ల ఆకు. నాకు ముక్కు పోయిందే, నీకేమైంది?" అంది. ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వగా చూడటం అదే చివరిసారి.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక మెల్లగా అందరూ వెళ్లిపోయారు. నేను వంటింట్లో మిగిలినవి సర్దుతున్నాను. స్టవ్ పక్కన వాళ్లమ్మ ఇచ్చిన స్టీలు గంగాళం ఉంది. మూత తీసి చూస్తే అడుగున పులిహోర. ఆ రోజు అంతమందికీ అందులోనే కలిపారు. మూత మళ్లీ పెట్టేశాను.

బావగారు వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. గుండు మీద చెయ్యి రాసుకుంటూ చాలాసేపు కిటికీ వైపు, ఆ బుడ్డి వైపు చూశాడు. మనిషి ఒక్కసారిగా ముసలాడయ్యాడు. అబద్ధం ఎందుకు, నాకు జాలేసింది.

"అమ్మా, ఒకటడుగుత. ఏమనుకోవద్దు" అన్నాడు.

"అడగండి బావగారూ."

"ఆ బీరు ఒక్కసారి మళ్ల తాగాల్నని ఉన్నది. తను మంచాన పడ్డంక రెండుమూడు సార్లు కాసిన. అది రాలె. ఒట్టి చేదు వస్తున్నది." "నువ్వు పక్కన ఉంటుంటివి గద. తను వేసిన హాప్ పేరేంది?"

తను వేసిన, అన్నాడు. ఇన్నేళ్లలో ఆ బీరు అక్క కాచిందని ఆయన నోట రావడం అదే మొదలు. వినడానికి ఆమె లేదు. చెప్పేద్దామనే అనుకున్నాను. నా చెయ్యి గంగాళం మూత మీదే ఉంది.

"చినూక్" అన్నాను.

"అదే వేసిన నేను గూడ" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, ఆ దుఃఖంలోనే, టీవీ పైన మెడల్ వైపు ఒకసారి చూసి, తనకి తెలిసినదాన్ని నాకు నేర్పుతున్నట్టు అన్నాడు. "అన్నింటిల సగమే గద?"

నేను మూత మీంచి చెయ్యి తీశాను.

"సగమే బావగారూ."

ఆయన తలూపాడు. తను ఎట్ల కాస్తుండె అని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగలేదు.